డాక్టర్ సలహా: థెరపీ ఆపితే నష్టపరిహారం ఎక్కువ వస్తుందా?

ప్రశ్న: మా ఆయనకు 36 ఏళ్లు, టైల్స్ మేస్త్రీ. నాలుగున్నర నెలల క్రితం సూర్యాపేట దగ్గర బైక్ మీద వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. తలకు ఆపరేషన్ చేసి గడ్డకట్టిన రక్తం తీశారు. 11 రోజులు ఐసీయూలో ఉన్నారు. ఇప్పుడు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. చూసినవాళ్లంతా బాగైపోయాడంటున్నారు. కానీ ఇంట్లో ఉన్నది మునుపటి మనిషి కాదు. చిన్నదానికే పిల్లల మీద విరుచుకుపడుతున్నారు. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు. కూర మాడినా తెలియట్లేదు, ఏం పెట్టినా చప్పగా ఉందంటారు. పోయిన నెల తెలిసిన మేస్త్రీ చిన్న బాత్రూమ్ పని ఇస్తే, నేల స్లోప్ జాలీ వైపు కాకుండా గుమ్మం వైపు పెట్టి వచ్చారు. ఫిట్స్ మాత్రలు వాడుతున్నాం. కేసు ఇంకా వేయలేదు. సదరం (వైకల్య) సర్టిఫికెట్ వచ్చాకే వేయాలని, అప్పటిదాకా ఫిజియోథెరపీ ఆపేస్తే పర్సంటేజీ ఎక్కువ పడుతుందని మా బంధువు ఒకాయన అంటున్నారు. 'మనిషి బాగానే ఉన్నాడుగా' అని ఇన్సూరెన్స్ వాళ్లు కొట్టిపారేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఆయన మళ్లీ మామూలు మనిషవుతారా?
– ఓ సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా మీ బంధువు చెప్పిన ఆ రెండు మాటలూ పక్కన పెట్టేయండి. రెండూ తప్పే. రెండింటి వల్లా నష్టపోయేది మీరే.

తలకు పెద్ద దెబ్బ తగిలాక మెదడు ఎక్కువగా కోలుకునేది మొదటి ఆరు నెలల్లోనే. ఆ తర్వాత కూడా, రెండేళ్ల దాకా, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం, మెరుగుదల ఉంటుంది కానీ వేగం తగ్గుతుంది. మీ ఆయన ఇప్పుడు సరిగ్గా ఆ విలువైన రోజుల్లోనే ఉన్నారు. ఇప్పుడు థెరపీ ఆపడమంటే నాటు వేశాక నీళ్లు ఆపేయడమే. పైగా దాంతో కేసుకు ఒరిగేదీ లేదు. ప్రమాద పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్లో నేను సాక్ష్యం చెప్పడానికి వెళ్లినప్పుడు అవతలి లాయరు దాదాపు ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటుంది: 'చికిత్స మధ్యలో ఎందుకు మానేశారు?' దానికి సమాధానం లేని కుటుంబం ఇబ్బంది పడుతుంది. అదే నెలనెలా థెరపీకి వెళ్లిన చీటీలు ఉంటే, అంత చేయించినా ఈ లోపం మిగిలిందని ఆ కాగితాలే చెబుతాయి. చికిత్స అయ్యాక కూడా మిగిలేదాన్నే మేం శాశ్వత వైకల్యం అంటాం.

ఇక కేసు సంగతి. నేను లాయరును కాను, కానీ ఈ ఒక్క విషయం ఆలస్యం చేయవద్దని నా దగ్గరకొచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను. మోటారు వాహనాల చట్టంలో చేసిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు క్లెయిమ్ పిటిషన్ వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. మీకు మిగిలింది నెలన్నరే. గడువు దాటినవాళ్ల కోసం కోర్టుల్లో వాదనలు నడుస్తున్న మాట నిజమే, కానీ ఆ బాధ మీకెందుకు? పిటిషన్ వేయడానికి ఆయన పూర్తిగా కోలుకోనక్కర్లేదు, వైకల్య సర్టిఫికెట్ చేతిలో ఉండనక్కర్లేదు. అది తర్వాత సాక్ష్యంగా పెట్టవచ్చు. ప్రమాదం సూర్యాపేటలో జరిగినా, మీరు ఉండేది ఖమ్మం జిల్లా కాబట్టి అక్కడి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చు. పోలీసులు కూడా ప్రమాదంపై సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. అది వెళ్లిందో లేదో స్టేషన్‌లో కనుక్కోండి. లాయరు ఫీజుకు డబ్బు లేదనుకోకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు, వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఆ బాత్రూమ్ గురించి రాసినది. ఆయన టైల్ కోత, అతుకులు, లెవెల్ ఎలా ఉన్నాయని మీరు పంపిన ఫోన్ నంబరుకు చేసి అడిగాను. 'పనితనం చక్కగా ఉందండీ, నీళ్లు మాత్రం గుమ్మం మీదికి వస్తున్నాయి' అన్నారు మీరు. నుదురు వెనక ఉండే మెదడు భాగం దెబ్బతింటే జరిగేది సరిగ్గా ఇదే. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని చేతికి గుర్తుంటుంది. కరణి పట్టుకోవడం, సిమెంటు పాలు పట్టించడం, టైల్ తట్టి కూర్చోబెట్టడం ఏదీ పోదు. కానీ 'ఈ గదిలో నీళ్లు ఎటు పోవాలి, దానికి ఏ మూల నుంచి మొదలెట్టాలి' అని ముందే ఆలోచించుకునే శక్తి, మధ్యలో తప్పు కనిపిస్తే ఆగి సరిచూసుకునే శక్తి తగ్గిపోతాయి. చేతులు, కాళ్లు పరీక్షిస్తే బలం పూర్తిగా ఉంటుంది. అందుకే అందరికీ బాగున్నట్టు కనిపిస్తారు.

కూర మాడినా తెలియకపోవడం, అన్నీ చప్పగా అనిపించడం కూడా అక్కడి దెబ్బే. వాసన నరాలు ఆ ముందు భాగం కిందుగానే వెళ్తాయి, తల గట్టిగా అదిరినప్పుడు తెగిపోవచ్చు. నాలుక బాగానే ఉంటుంది, రుచిలో ఎక్కువ భాగం వాసన కాబట్టి తిండి చప్పబడుతుంది. చాలామంది ఇళ్లలో దీన్ని చిన్న విషయమని డాక్టరుకు చెప్పరు. చెప్పాలి, చీటీ మీద రాయించుకోవాలి. ఇంకో మాట: గ్యాస్ లీకైతే ఆయనకు తెలియదు. ఒంటరిగా ఉన్నప్పుడు స్టవ్ ముట్టించనివ్వకండి, సిలిండర్ రెగ్యులేటర్ ఆపేసే వెళ్లండి.

కోపం గురించి మీరు బాధపడుతూ రాశారు. అది ఆయన గుణం కాదమ్మా, గాయం. దానికి తోడు మీరు పంపిన మందుల చీటీలో లెవెటిరాసెటమ్ ఉంది. ఫిట్స్‌కు మంచి మందే, కానీ కొందరిలో విసుగు, కోపం బాగా పెంచుతుంది. ఆపరేషన్ తర్వాత ఫిట్స్ వచ్చినట్టు కాగితాల్లో ఎక్కడా లేదు. ముందుజాగ్రత్తగా ఇచ్చే మాత్రయితే మామూలుగా మొదటి వారంతో ఆపుతాం. మీ న్యూరో డాక్టరును 'ఇది ఇంకా అవసరమా, వేరేది మార్చవచ్చా' అని అడగండి. మీ అంతట మీరు ఒక్క డోసు కూడా ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఇప్పుడు కాగితాలు. ఆస్పత్రిలో చేరినప్పుడు జీసీఎస్ 7 అని ఉంది. స్పృహను 3 నుంచి 15 మధ్య కొలిచే లెక్క అది, 8 అంతకంటే తక్కువైతే తీవ్రమైన గాయం. ఈ ఒక్క అంకె మీ కేసుకు వెన్నెముక లాంటిది. డిశ్చార్జ్ సమ్మరీ చివర 'స్పృహలో ఉన్నారు, నిలకడగా ఉన్నారు' అని రాశారు. దాని అర్థం ఇంటికి పంపించవచ్చనే కానీ పనికి పంపించవచ్చని కాదు. లాయరుకు ఈ తేడా చెప్పండి.

నాకు భయం వేసింది మరో కాగితం చూసి. మొదట తీసుకెళ్లిన ఆస్పత్రి ఎమర్జెన్సీ చీటీ మీద 'బైక్ స్కిడ్ అయి పడిపోయాడు' అని రాసి ఉంది. లారీ మాటే లేదు. దారిన పోయేవాళ్లు తెచ్చి పడేసి, ఎలా జరిగిందంటే తోచింది చెప్పి వెళ్లిపోతారు, డ్యూటీ డాక్టరు అదే రాసుకుంటారు. బీమా కంపెనీ దీన్నే పట్టుకుని లారీ గుద్దనే లేదని వాదిస్తుంది. ఆ చీటీ దాచకండి, దిద్దించడానికి ప్రయత్నించకండి. మొదటి రోజే లాయరు చేతిలో పెట్టి, ఎఫ్ఐఆర్, 108 అంబులెన్స్ రికార్డు, కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలం వెంటనే సంపాదించమనండి.

సీటీ స్కాన్‌లో కనిపించని సన్నటి దెబ్బలు ఎంఆర్ఐలో బయటపడతాయి, కాబట్టి అది అవసరమా అని డాక్టరును అడగండి. అంతకంటే ముఖ్యమైనది న్యూరోసైకలాజికల్ పరీక్ష. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ప్లానింగ్ ఎంత తగ్గాయో రెండు మూడు గంటలు కూర్చోబెట్టి కొలుస్తారు. హైదరాబాద్‌లోని పెద్ద న్యూరో విభాగాల్లో క్లినికల్ సైకాలజిస్టును అడగండి, బెంగళూరు నిమ్హాన్స్‌కు దీని కోసం సొంత పరీక్షల వరుసే ఉంది. ఇప్పుడొకసారి, ఏడాది నిండాక మరోసారి చేయిస్తే ఏం కోలుకుంది, ఏం కోలుకోలేదు అనేది తేలుతుంది. సదరం క్యాంప్‌కు ఆ రిపోర్టు తీసుకెళ్లండి. లేకపోతే కాళ్లూ చేతులూ చూసి తక్కువ పర్సంటేజీ వేసి పంపిస్తారు. ఎక్కువ వేయిస్తామనే ఏజెంట్లు ఎవరైనా తగిలితే దగ్గరకు రానివ్వకండి. ఒక్క అబద్ధం బయటపడితే మీ నిజాలన్నీ కూడా అనుమానమవుతాయి.

పర్సంటేజీ తక్కువ వచ్చినా కుంగిపోవద్దు. ఒంట్లో ఎంత వైకల్యం, దానివల్ల సంపాదన ఎంత పోయింది అనేవి రెండు వేర్వేరు లెక్కలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఎడమ చేయి పోయిన వడ్రంగి, అదే చేయి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఒకటి కాదని ఆ తీర్పులో వివరంగా ఉంది. టైల్స్ మేస్త్రీకి ప్లానింగ్ పోవడం వడ్రంగికి చేయి పోయినంత పని. ఆ బాత్రూమ్ పని ఇచ్చిన మేస్త్రీ వచ్చి జరిగింది జరిగినట్టు చెబితే అది గట్టి సాక్ష్యం. ఆయన పనికి వెళ్లారని దాచాల్సిన అవసరమేమీ లేదు. 2020లో మరో కేసు: హర్యానాలో ట్రాక్టర్ గుద్ది మెదడు పూర్తిగా దెబ్బతిన్న 12 ఏళ్ల అమ్మాయికి హైకోర్టు దాదాపు 26 లక్షలిస్తే, సుప్రీంకోర్టు 62 లక్షలు దాటించింది. జీవితాంతం చూసుకోవడానికి ఇద్దరు మనుషుల ఖర్చు కూడా లెక్కగట్టింది. మీ ఆయన పరిస్థితి అంత తీవ్రం కాదు, కానీ మీరు పని మానుకుని ఆయన వెంట ఉంటున్న రోజులను లాయరుకు తప్పకుండా చెప్పండి. లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే, మెదడు పరీక్షల రిపోర్టులు రాకముందు ఒప్పుకోకండి. అక్కడ సంతకం పెట్టాక అప్పీలు ఉండదు.

'డబ్బు కోసం నటిస్తున్నాడు' అనే మాట కూడా మీ చెవిన పడవచ్చు. 1961లో హెన్రీ మిల్లర్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టు ఇలాంటి వాదనే చేశారు, పరిహారం అందగానే చాలామందికి నయమవుతుందని. తర్వాత పరిశీలించిన డాక్టర్లకు మాత్రం డబ్బు అందాక కూడా పనికి వెళ్లలేకపోయినవాళ్లు ఎందరో కనిపించారు. నేనూ చూశాను. పరిహారం వచ్చిన రెండేళ్లకు కూడా సొంత వీధి పేరు తడుముకునేవాళ్లున్నారు.

మామూలు మనిషవుతారా అని అడిగారు. ఇంకా మెరుగవుతారు, అది నమ్మకంగా చెప్పగలను. మునుపటంత అవుతారా అనేది ఏడాది నిండాకే తెలుస్తుంది. ఈలోపు మద్యం ముట్టనివ్వకండి, బైక్ తాళాలు తీసి పెట్టండి. ఒకసారికి ఒకే పని చెప్పండి, గోడ మీద పెద్ద అక్షరాలతో రోజు పనులు రాసి పెట్టండి, సాయంత్రం అలసిపోయినప్పుడు పిల్లల చదువుల గోల ఆయన దగ్గర వద్దు. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, మత్తుగా పడుకుంటున్నా, ఒక కాలు ఈడుస్తున్నా, ఫిట్స్ వచ్చినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి.

వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొని తేదీ వేసి ప్రతిరోజూ రెండు వాక్యాలు రాయండి: ఏం మర్చిపోయారు, ఎప్పుడు కోప్పడ్డారు, ఏం కొత్తగా చేయగలిగారు. మంచి రోజులు కూడా రాయండి. వచ్చే వారం న్యూరో ఓపీకి వెళ్లేటప్పుడు ఆ నోట్‌బుక్, మాత్రల డబ్బా, సీటీ ఫిల్ములు సంచిలో పెట్టుకోండి. ఒరిజినల్ బిల్లులు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్స్‌లే ఇవ్వండి.