సాగర్ డ్యామ్ మీద డ్యూటీకి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీకు నాగార్జునసాగర్ డ్యామ్ మీద ఏఈఈగా (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) పోస్టింగ్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం కంటే టెన్షనే ఎక్కువగా ఉంది తనకి. "అది నాకంటే ముందు పుట్టిన డ్యామ్ అన్నయ్యా, ఏం కాదు కదా?" అని మూడుసార్లు అడిగింది. తనకి ఏదో సర్దిచెప్పాను. నీతో మాత్రం అలా సర్దిచెప్పే మాటలు కుదరవు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు వయసు సంగతి. సాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. నువ్వు గండిపేట నీళ్లు తాగి పెరిగినదానివి. 1908 మూసీ వరద హైదరాబాద్‌ను ముంచాక కట్టిన ఆ గండిపేట చెరువు 1920లో పూర్తయింది. నూరేళ్లు దాటినా నిలబడే ఉంది. కాబట్టి ఎన్నేళ్లదని భయపడకు. పోయినసారి ఎవరు దిగి చూశారు, ఏం చూశారు, ఏం రాశారు అని అడుగు. చేరిన మొదటి వారం ఈ మూడు ప్రశ్నలతోనే గడిపినా తప్పులేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మీ అమ్మకు కూడా తెలియదు. నేను పనిచేసిన ఒక పాత డ్యామ్, పేరు వద్దులే, అక్కడ డ్యామ్ లోపల సొరంగంలా ఉండే గ్యాలరీలోకి దిగాలంటే వందల మెట్లు. లోపల చీకటి, గబ్బిలాల కంపు, కాలు పెడితే జారే పాచి. లస్కర్, అంటే డ్యామ్ మీద పనిచేసే కింది ఉద్యోగి, రోజూ దిగి సీపేజీ (డ్యామ్ లోంచి ఊరే నీరు) రీడింగ్ తెచ్చేవాడు, నేను సంతకం పెట్టేవాణ్ని. ఒకరోజు ఊరికే రిజిస్టర్ వెనక్కి తిప్పితే నాలుగు నెలలుగా ఒకటే అంకె కనిపించింది. ఆ నాలుగు నెలల్లో రిజర్వాయర్ ముప్పై అడుగులు దిగింది. నీటి మట్టం అంత పడిపోతే సీపేజీ కదలకుండా ఎలా ఉంటుంది? దిగి చూశాను. ఊరే నీటిని కొలిచే వీ-నాచ్ పలక చుట్టూ సున్నం గడ్డకట్టి, నీళ్లు దాని పక్కనుంచి తోవ చేసుకుని పోతున్నాయి. లస్కర్ ఆ నాలుగు నెలలూ అసలు దిగనే లేదు, నిన్నటి అంకెనే ఎక్కిస్తున్నాడు. వాణ్ని తిట్టడానికి నోరు రాలేదు. అతని వయసు యాభై ఎనిమిది, మోకాళ్లు పనిచేయవు. కింద సంతకం మాత్రం నాది.

అప్పటినుంచి నేను చిన్న బకెట్, స్టాప్‌వాచీ పట్టుకుని దిగేవాణ్ని. డ్రెయిన్ కింద బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడటం, అంతే. నువ్వూ అలాగే చెయ్. పరికరం తప్పు చెప్పినా ఈ లెక్క తప్పదు.

చాలామంది కొత్త ఇంజినీర్లు బోల్తాపడేది ఇంకో చోట. సీపేజీ పెరిగితే కంగారు పడతారు, తగ్గితే స్వీట్లు పంచుతారు. రాతి డ్యామ్‌లో డ్రెయిన్లు ఉన్నది పునాది కింద చేరే నీటిని బయటికి తీసుకురావడానికి. గారలోని సున్నం కరిగి వచ్చి ఆ రంధ్రాలను మెల్లగా పూడ్చేస్తుంది. అప్పుడు బయటికి వచ్చే నీళ్లు తగ్గుతాయి, లోపల మాత్రం డ్యామ్‌ను పైకి ఎత్తే ఒత్తిడి పెరుగుతుంది. సీపేజీ తగ్గిన రోజే ఆ ఒత్తిడిని కొలిచే పిజోమీటర్ చూడాలి. ఒత్తిడి పెరిగితే రంధ్రాలు శుభ్రం చేయించమని, అవసరమైతే కొత్తవి తవ్వించమని రాతపూర్వకంగా అడుగు. చలికాలంలో జాయింట్లు కాస్త విచ్చుకుని సీపేజీ కొంచెం పెరగడం మామూలే. దాన్ని నిన్నటితో పోల్చకు. పోయినేడు చలికాలంలో, అదే నీటి మట్టం దగ్గర ఎంత ఉందో దాంతో పోల్చు.

సాగర్‌కి రాతి కట్ట రెండు పక్కలా మట్టి కట్టలు కూడా ఉన్నాయి, అందరూ వాటిని మరిచిపోతారు. అక్కడ నడుస్తూ కలుగులు, పుట్టలు, ఎండాకాలంలో కూడా పచ్చగా ఉన్న గడ్డి మచ్చలు చూసుకో. ఊరే నీరు తేటగా ఉంటే కొలిచి రాయి. బురదగా వస్తే రాయడం తర్వాత, ముందు ఫోన్ చెయ్. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ మట్టికట్ట కొట్టుకుపోయిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది.

ఇక గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. డ్యామ్ నిండుగా ఉంది. వయసు మళ్లిన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు వచ్చి, నీళ్లు పోతుండగానే స్టాప్‌లాగ్ (గేటు బదులు అడ్డుపెట్టే ఇనుప పలక) ముక్కలు ఒకదాని మీద ఒకటి దింపించి వారంలో ఆపించారు. టీవీ ముందు కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. మీ అత్తయ్య నన్ను వింతగా చూసింది. తర్వాత మాత్రం ఒకటే ఆలోచన: తెగిన ఆ లింకును అంతకుముందు దగ్గరగా చూసిందెవరు?

మీ సాగర్‌కి 26 రేడియల్ గేట్లు (వంపు తిరిగిన గేట్లు). వాటిని ఎత్తే ఇనుప రోప్ మీద గ్రీజు నల్లగా నిగనిగలాడుతుంటే బాగుందనుకోకు. గ్రీజు తుడిచి, చేతికి మందపాటి గ్లోవ్స్ వేసుకుని, పాత గుడ్డతో రోప్‌ను మెల్లగా రుద్దు. తెగిన పోగు ఉంటే గుడ్డ దానికి చిక్కుకుంటుంది. డీజీ సెట్‌ను (డీజిల్ జనరేటర్) పది నిమిషాలు ఊరికే తిప్పి 'ఓకే' అని రాసేస్తుంటారు, దాన్ని ఒప్పుకోకు. మెయిన్ కరెంటు తీసేసి, ఆ డీజీతో నిజంగా ఒక గేటు ఎత్తించు. జూన్ లోపలే. తుపాను రాత్రి కరెంటు పోయాక తెలుసుకుంటే ఏం లాభం? వానలకు ముందు, వానల తర్వాత తనిఖీలు చేయాలని 2021 డ్యామ్ సేఫ్టీ చట్టమే చెబుతోంది. కాబట్టి ఎవరైనా విసుక్కుంటే చట్టం పేరు చెప్పు, నా పేరు చెప్పకు.

పవర్‌హౌస్ వాళ్లది వేరే శాఖ, మనకెందుకు అనుకోవద్దు. రష్యాలో సయానో-షుషెన్‌స్కాయా జలవిద్యుత్ కేంద్రంలో 2009 ఆగస్టు 17న ఒక టర్బైన్ కప్పు బోల్టులు తెగి యూనిట్ పైకి ఎగిరింది. 75 మంది చనిపోయారు. ఆ యూనిట్‌లో వైబ్రేషన్ ఎక్కువగా ఉందని ముందే తెలుసు. మన శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. షిఫ్ట్ ఇంజినీర్లతో టీ తాగే స్నేహం పెంచుకో. మిషన్ శబ్దం మారిందని వాళ్లు ముందుగా చెప్పేది నీకే అవ్వాలి. ఏ పవర్‌హౌస్‌లోకి దిగినా బయటికి వచ్చే రెండో దారి నీ కాళ్లతో నడిచి చూసుకో.

ఒక విషయం రాయడానికి చెయ్యి ఆడటంలేదు, అయినా రాస్తా. 2014 జూన్ 8న మన హైదరాబాద్ నుంచి టూర్ వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లో బియాస్ నదిలో ఫొటోలు దిగుతుండగా, పైన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ డ్యామ్‌కి ఏమీ కాలేదు బిడ్డా, పగులు కూడా లేదు. సైరన్ పనిచేస్తోందని రిజిస్టర్‌లో టిక్ పెట్టేముందు, ఒక మనిషిని సైరన్ దగ్గర ఉంచి నువ్వు కింద రేవులో బట్టలు ఉతికే చోట నిలబడు. పండగపూట, లౌడ్‌స్పీకర్ మోగుతున్నప్పుడు కూడా ఒకసారి నిలబడి విను. జాలర్లను అడుగు. ఏ గాలికి వినపడదో వాళ్లకు తెలుసు.

వరద గురించి ఒక్కటే. 2009 అక్టోబర్ 2న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వచ్చాయి. పూర్తి మట్టం 885 అడుగులైతే 896 దాకా లేచింది. దాని కింద ఉన్నది మీ సాగరే. అలాంటి రాత్రి గేట్లు ఎత్తమనో ఆగమనో ఎవరో ఫోన్‌లో నోటిమాటగా చెబుతారు. వింటూనే టైమ్ రాసుకో, ఆ నిమిషమే మెసేజ్ పెట్టి ఖాయం చేసుకో. దీనికి కోపగించుకునే అధికారి ఒకరిద్దరు ఉంటారు, ఉండనీ.

నా పాత టార్చిలైట్, గమ్‌బూట్లు మీ అమ్మ దగ్గర పెట్టాను. బూట్లు నీకు రెండు సైజులు పెద్దవే, మందపాటి సాక్సులు వేసుకో. బకెట్ అక్కడే కొనుక్కో, ఐదు లీటర్లది. గ్యాలరీలోకి మొదటిసారి దిగిన రోజు రాత్రి ఫోన్ చేసి, అది ఎన్ని సెకన్లలో నిండిందో చెప్పు.

మీ మామయ్య