ఫార్మసీ చదువుతున్నాం, ఆ మాత్రం తెలియదా?

ప్రశ్న: బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతున్నాను. పరీక్షలు దగ్గర పడ్డాయంటే తలనొప్పి. మొదట్లో పారాసిటమాల్‌తో తగ్గేది, ఇప్పుడు ఐబుప్రోఫెన్ వేసుకుంటున్నాను, ఒక్కోసారి రెండూ కలిపి. మూడు నెలలు దాటింది, వారానికి నాలుగైదు రోజులు ఇదే పని. మా రూమ్‌మేట్ నడుంనొప్పికి డైక్లోఫెనాక్ వాడుతూ నెలసరి వస్తే దానిమీద మెఫెనమిక్ యాసిడ్ కూడా వేసుకుంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే "ఇవి మనకు తెలియని మందులా?" అంటుంది. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్‌లో అర్థముంది. వారానికి నాలుగైదు రోజులంటే నెలకు ఎన్ని రోజులో ఒకసారి లెక్క వేయండి. తరచూ తలనొప్పి వచ్చేవాళ్లు పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటి మామూలు మాత్రలను నెలకు 15 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి పట్టుకోవచ్చు. రెండు మూడు మందులు కలిపిన కాంబినేషన్ మాత్రలు, కోడీన్ (నల్లమందు కోవ నొప్పి మందు) ఉన్న మందులైతే 10 రోజులు చాలు. మీరు రెండు రకాలూ కలుపుతున్నారు కాబట్టి ఏ రోజు ఏది, ఎన్ని మిల్లీగ్రాములు వేసుకున్నారో రాసుకుని, ఆ కాగితంతోనే డాక్టర్‌ని కలవండి. మాత్రలు ఆపిన కొత్తలో కొన్ని రోజులు నొప్పి పెరుగుతుంది, అది ముందే తెలియక చాలామంది మళ్లీ స్ట్రిప్ అందుకుంటారు. ఒక్కసారిగా ఎన్నడూ లేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చూపు మసకబారినా మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీ రూమ్‌మేట్ విషయమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఆమె వాడే కోవ మందులు ఒంట్లో నొప్పి, వాపు కలిగించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని అడ్డుకుంటాయని 1971లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించాడు, పరీక్షలో అడిగితే ఆమె పేజీ నిండా రాసేస్తుంది. కడుపు లోపలి పొరను కాపాడేదీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం అందేలా చూసేదీ ఆ ప్రోస్టాగ్లాండిన్లే. డైక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ రెండూ ఒకే కోవ మందులు. కలిపి వేసుకుంటే ఉపశమనం రెట్టింపు కాదు గానీ పుండ్లు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మాత్ర కడుపులో కరగకుండా వేసే పూత, అదే ఎంటెరిక్ కోటింగ్, ఉంది కదా అనుకుంటుందేమో, దెబ్బ ప్రధానంగా రక్తంలోకి చేరిన మందు వల్ల కాబట్టి కోటింగ్ కడుపును కాపాడదు. కడుపులో యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ వేసుకుంటే కడుపుకు కొంత రక్షణ, కిడ్నీలకు ఏమీ లేదు. మలం తారులా నల్లగా వస్తే అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అసలు చిక్కంతా ఇక్కడే ఉందనిపిస్తుంది. ఇదే మందు అడుగుతూ కౌంటర్ దగ్గరికి ఎవరైనా వస్తే మీరు ఏమడగాలో మీకు నేర్పారు: ఎన్నాళ్లుగా, ఇంకేం వాడుతున్నారు, అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఏమైనా ఉన్నాయా, గర్భవతా అని. మనకే నొప్పి వచ్చేసరికి ఆ ప్రశ్నల్లో ఒక్కటీ వేసుకోకుండానే మాత్ర మింగేస్తాం. చదువు తక్కువై కాదు, చదివామన్న ధైర్యంతో. ఆ ప్రశ్నలు ఈ రాత్రికే ఒకరినొకరు అడగండి, జవాబులు నోట్‌బుక్‌లో రాయండి.

ప్రశ్న: హాస్టల్‌లో జలుబు, ఒళ్లునొప్పులంటూ జూనియర్లు నన్నే మాత్రలు అడుగుతారు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకండి, ఫార్మసిస్ట్‌గా మీకింకా రిజిస్ట్రేషన్ లేదు. కానీ వాళ్ల చేతిలో ఉన్న స్ట్రిప్ వెనక ఏం రాసి ఉందో చదివి చెప్పడం మీరు చేయగలరు, చేయాలి కూడా. చాలా జలుబు మాత్రల్లో పారాసిటమాల్ ఉంటుంది. దానిమీద విడిగా ఇంకోటి వేసుకుంటే పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములన్న హద్దు తెలియకుండానే దాటిపోవచ్చు. దాటితే మొదటి రోజు పెద్దగా ఏమీ అనిపించదు, ఆలోపు లివర్ దెబ్బతింటూ ఉంటుంది. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. అందుకని ఎవరైనా ఎక్కువ మింగానని చెబితే, "బాగానే ఉన్నాను కదా" అన్నా వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఖాళీ స్ట్రిప్‌లు కూడా పట్టుకెళ్లండి.