కెనడాకి మనుషులు కావాలి సరే, నెలనెలా వడ్డీ ఎవరు కడతారు?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 37, పెళ్లి కాలేదు, చేసుకునే ఉద్దేశమూ లేదట. మందుల ఏజెన్సీలో జీతం 34 వేలు, ఇంట్లో 66 ఏళ్ల అమ్మగారు, బ్యాంకులో 40 వేలు. కెనడాలో పిల్లలు పుట్టడం తగ్గిపోయింది, వాళ్లకి మనుషులు కావాలి, స్టూడెంట్ వీసా మీద వెళ్తే పీఆర్ (అక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతి) ఖాయం అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారట. అమ్మ బంగారం మీద 4 లక్షలు, పాతపట్నంలో రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చుకోవచ్చా అని అడిగారు. 'పెళ్లాం పిల్లలు లేరు, నాకేం బరువు లేదు' అని కూడా రాశారు.

వద్దండీ, ఆ అప్పు ముట్టుకోకండి.

అక్కడ పిల్లలు తగ్గిన మాట నిజమే, 2023లో ఒక్కో స్త్రీకి సగటున 1.26. కానీ మనుషులు కావాలన్న ఆ ప్రభుత్వమే, ఇళ్లు దొరక్క జనం గోల పెడుతుంటే 2024 అక్టోబరులో వెనక్కి తగ్గి, 2025కి అనుకున్న 5 లక్షల పీఆర్‌లని 3,95,000 చేసింది. విద్యార్థుల పర్మిట్లకి అంతకు ముందే పరిమితి పెట్టింది. వాళ్లు లెక్క మార్చుకుంటే పాతపట్నం ఆయన వడ్డీ మానేస్తాడా? నెలకి 10 వేలు, బంగారం వడ్డీ వేరే, మీరు వెళ్లాక గుమ్మం దగ్గర నిలబడి అడిగేది అమ్మగారినే. పైగా ఫీజు కాక ఖర్చులకే 20,635 కెనడా డాలర్లు చూపించాలని 2024లో రూల్ పెట్టారు, తర్వాత అదీ పెంచారు. మన డబ్బులో 12 లక్షల పైమాటే. మీ 9 లక్షలు ఏ మూలకి?

ఇక బరువు లేదన్న మాట. పెళ్లి కాని వాళ్లు చాలామంది నాతో ఇదే అంటారు, నాకు భయమేసేది అక్కడే. బరంపురంలో నా దగ్గరికొచ్చే ఒకాయన తల్లి బాత్రూంలో జారిపడి తుంటి విరిగితే వైజాగ్ తీసుకెళ్లారు, అర్ధరాత్రి కౌంటర్లో 60 వేలు కట్టమన్నారు, ఆయన బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో పేర్లు పైకీ కిందకీ జరుపుతూనే ఉన్నారట. మా నాన్నగారి తరంలో నలుగురు అన్నదమ్ములు తలో చెయ్యీ వేసేవారు. 2019-21 సర్వే నాటికే ఒడిశాలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు, ఆంధ్రాలో 1.7. ఆ నాలుగు చేతులు ఎక్కడి నుంచి వస్తాయి?

జంటగా సంపాదించే వాళ్లకి ఆరు నెలల ఖర్చు దాచమంటాను, మీకు ఏడాదిది కావాలి. నెలకి 22 వేల లెక్కన 2,64,000. ఇప్పుడున్న 40 వేలు కదపకుండా నెలకి 10 వేలు వేయండి, రెండేళ్లు దాటకుండా అయిపోతుంది. ఈ నెలలోనే అమ్మగారికి విడిగా, మీకు విడిగా హెల్త్ పాలసీ తీసుకోండి, ఇద్దరినీ ఒకే పాలసీలో కలపొద్దు, ఆవిడ వయసుని బట్టి మొత్తం ప్రీమియం పెరుగుతుంది. 70 ఏళ్లు నిండితే 5 లక్షల దాకా ఉచిత వైద్యానికి ప్రభుత్వ ఆయుష్మాన్ కార్డు వస్తుంది, కానీ దానికింకా నాలుగేళ్లుంది. మీ మీద ఆధారపడ్డ మనిషి ఉన్నారు కాబట్టి, మీకేమైనా అయితే ఆవిడకి డబ్బొచ్చే టర్మ్ పాలసీ కూడా.

బయటికి వెళ్లాలనే ఉంటే, జపాన్ 2019 నుంచి వృద్ధుల సంరక్షణ లాంటి పనులకి భాష, పని పరీక్షలు పెట్టి తీసుకుంటోంది. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు భాష నేర్చుకోండి. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే రసీదు చూపించి రేపే వెనక్కి అడగండి, బంగారం మాత్రం అమ్మగారి బీరువాలోనే ఉంచండి.