1927లో కొత్త కారు కోసం ఫోర్డ్ నెలల తరబడి ఉత్పత్తి ఎందుకు ఆపింది?

ఫ్యాక్టరీలోని యంత్రాల్లో చాలావరకు పాత మోడల్ టి భాగాలు తప్ప మరేవీ చేయలేవు కాబట్టి ఆపక తప్పలేదు. ఒక్కో యంత్రాన్ని ఒకే భాగానికి, ఒకే కొలతకు బిగించారు. కారు చవకగా రావడానికి కారణం అదే, మార్పుకు అడ్డుపడిందీ అదే. గేర్లనే చూడండి. మోడల్ టిలో ముందుకు వెళ్లడానికి రెండే గేర్లు, అవీ ఎడమ కాలితో పెడల్ తొక్కి మార్చేవి. కొత్త కారైన మోడల్ ఎలో చేత్తో మార్చే మూడు గేర్లు పెట్టారు. పైగా నాలుగు చక్రాలకూ బ్రేకులు. ఇంత మారాక పాత యంత్రాలను తిరిగి అమర్చడమో, తీసిపారేయడమో చేయాలి. మే చివరలో పాత కారు ఆగితే, కొత్తది జనం ముందుకు వచ్చింది డిసెంబరులో.

అసెంబ్లీ లైను ఉంటే ఏ కారైనా ఇట్టే తయారవుతుందని చాలామంది పొరబడతారు. లైను భాగాలను బిగించే చోటు మాత్రమే. అసలు జాప్యం వాటిని తయారుచేసే యంత్రాల దగ్గర.