గుణదల గుడి ఏ సంవత్సరంలో కట్టారు?

ప్రశ్న: మా తాతల కాలం నుంచి ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు వెళ్తున్నాం. గుడి ఎప్పుడు కట్టారని మా అమ్మాయి అడిగితే ఒకరు 1924 అన్నారు, ఒకరు 1937, ఇంకొకరు 1971 అన్నారు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: మూడూ నిజమేనమ్మా, కాకపోతే మూడూ గుడి కట్టిన సంవత్సరాలు కావు. 1924లో అక్కడికి వచ్చింది మరియమాత స్వరూపం, అంటే విగ్రహం. గుణదల సెయింట్ జోసెఫ్స్ ఇన్‌స్టిట్యూట్‌కి రెక్టరుగా ఉన్న ఫాదర్ ఆర్లాటి, ఇటలీ నుంచి వచ్చిన గురువు, కొండ మీద దాన్ని నిలబెట్టారు. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే అమ్మాయికి మాత మొదటిసారి కనిపించింది కాబట్టి మన తిరునాళ్లూ ఆ తేదీకే వస్తాయి. 1933లో కొండ శిఖరాన ఇనుప సిలువ వెలిసింది. ఇక 1937, బెజవాడ సొంత మేత్రాసనం (ఒక బిషప్ పాలనలో ఉండే ప్రాంతం) అయిన ఏడాది. అంటే మన మాత స్వరూపం మన మేత్రాసనం కంటే వయసులో పెద్దది! 1971 మాత్రం గుడి ప్రతిష్ఠ జరిగిన ఏడాది.

నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఈ వరసే. ముందు స్వరూపం, దాని వెంట జనం, ఆ జనం కోసం మెట్లూ గుడీ. మొక్కులు, తలనీలాలు, కొబ్బరికాయలు, మన ఊళ్ల పద్ధతులన్నీ వాళ్లతోనే కొండెక్కాయి. పాత కట్టడమే చూడాలనుంటే అమ్మాయిని ఫిరంగిపురం తీసుకెళ్లండి, అక్కడ 19వ శతాబ్దం చివర్లో మిల్ హిల్ అనే మిషనరీ సభ గురువు ఫాదర్ డిక్‌మన్ కట్టించిన పెద్ద గుడి ఉంది, గుంటూరు నుంచి దగ్గరే.

మీ సొంత విచారణ (పారిష్) చరిత్ర కావాలంటే గోడలు కాదు, జ్ఞానస్నానాల రిజిస్టరు అడగండి. బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, తేదీ, స్నానమిచ్చిన గురువు పేరు వరసగా ఉంటాయి, తర్వాత పెళ్లయితే ఆ సంగతి కూడా పక్కన మార్జిన్‌లో రాస్తారు. గుడి పడగొట్టి కొత్తది కట్టినా ఆ పుస్తకం మారదు, అందుకే నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను. విచారణ గురువుల్ని అడిగేటప్పుడు మీ తాతగారిని ఇంట్లో పిలిచే పేరు కాకుండా జ్ఞానస్నానంలో పెట్టిన పేరు, పుట్టిన సంవత్సరం సుమారుగానైనా రాసి తీసుకెళ్లండి, వెతకడం తేలికవుతుంది.