చెన్నై వరదలకు జయలలితనే తప్పుపట్టాలా?

2015 డిసెంబరు వరదలకు అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ఒక్కరే కారణమా అని అడిగారు. వాన ఎవరి చేతిలోనూ లేదు, నిజమే. కానీ నగరానికి ఎగువనున్న చెంబరంబాక్కం జలాశయం గేట్లు ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. డిసెంబరు 1న నీటి విడుదల 29,000 క్యూసెక్కులకు చేరింది. అడయారు నది పొంగి సైదాపేట, కొట్టూర్‌పురం మునిగాయి. మన తెలుగువాళ్లు కూడా చాలామంది కట్టుబట్టలతో మిగిలారు. ఇది మానవ తప్పిదమేనని 2018లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తన నివేదికలో తేల్చింది. ఆ నిర్ణయాలకు అప్పటి ప్రభుత్వమే జవాబుదారీ.

వరద నీటిని పీల్చుకునే చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేల కుంచించుకుపోయింది మాత్రం డీఎంకే, అన్నాడీఎంకే రెండింటి ఏలుబడిలోనూ. ఆ పాపం ఒక్కరి మీదికి నెట్టలేం.

గేటు ఎత్తిన ఇంజనీరును బలిచేయడం నాకసలు నచ్చదు. ఎత్తమని ఆదేశం ఎవరిచ్చారు, ఎన్ని గంటలకిచ్చారు, దిగువన ఉన్నవాళ్లకు ముందే ఎందుకు చెప్పలేదు? అడగాల్సింది ఇవే.