ఖర్చు నీదా నాదా అని కొట్టుకున్న ఫైలు చదవడం ఎలా? మా అమ్మలుకి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది సగం వినపడలేదురా, సరిగ్గా అప్పుడే మీ పెద్దమ్మ మిక్సీ వేసింది. నాకు అర్థమైనంతలో నీ గోల ఏంటంటే, కాష్గర్‌లో, అదే చైనా పడమటి కొసన ఉన్న ఊళ్లో, బ్రిటిష్ వాళ్లు నడిపిన నిఘా పోస్టు మీద థీసిస్ మొదలెట్టావు, మూడొందల పేజీల ఫైలు దొరికింది, తీరా చూస్తే అందులో గూఢచర్యం నాలుగు ముక్కలు కూడా లేదు, మొత్తం జీతం ఎవరివ్వాలి, భత్యం ఎవరివ్వాలి, ఇది ఇండియా ఖర్చా లండన్ ఖర్చా, ఇదే గోల. దానికి నువ్వు నీరుగారిపోయావు. నేనైతే ఎగిరి గంతేసేవాణ్ణి! ముప్పై నాలుగేళ్లు లెక్కల ఆఫీసులో ఇలాంటి ఫైళ్లే తిని బతికాను, అందుకే ఇంత పొడుగు ఉత్తరం, ఓపిగ్గా చదువు.

ముందు ఒక జీపు కథ చెప్తా. ఏ ఆఫీసు, ఏ ఊరు అని అడక్కు. జీపు కొన్నది ఒక విభాగం, వాడుకునేది ఇంకో విభాగం. టైర్లు అరిగిపోయాయి. మీరు కొనండంటే మీరు కొనండని పద్నాలుగు నెలలు లెటర్లు రాసుకున్నారు, అన్నాళ్లూ ఆ జీపు షెడ్డులో నాలుగు ఇటుకల దొంతర్ల మీద నిలబడి ఉంది, కింద కుక్క పిల్లల్ని కూడా పెట్టింది. ఆ ఫైలు ఐదుసార్లు నా టేబుల్ మీదకొచ్చింది. మొదటి నాలుగుసార్లూ ఇది టైర్ల ధర గొడవే అనుకున్నా. ఐదోసారి ఒక పాత సూపరింటెండెంట్ గారు చెప్పారు, బాబూ, టైర్లకి డబ్బిచ్చినవాడు రేపు లాగ్‌బుక్ చూపించమంటాడు, లాగ్‌బుక్ చూస్తే బండి ఎక్కడెక్కడికి తిరిగిందో బయటపడుతుంది, వాడేవాళ్లకి అది ఇష్టం లేదు, కానీ టైర్లు మాత్రం ఊరికే కావాలి అని. అంతే, అక్కడ నా కళ్లు తెరుచుకున్నాయి.

కాబట్టి నీ ఫైల్లో కూడా లాగ్‌బుక్ ఎక్కడుందో వెతుకు.

కాష్గర్‌నే తీసుకో. ఆ పోస్టు నడిపిన జార్జ్ మెకార్ట్నీ 1890లో యంగ్‌హస్బెండ్ అనే బ్రిటిష్ ఆఫీసరుతో కలిసి అక్కడికి వెళ్లాడు, యంగ్‌హస్బెండ్ మరుసటేడు వెనక్కొచ్చేశాడు, ఈయన మాత్రం 1918 దాకా అక్కడే ఉండిపోయాడు. పని చైనా గడ్డ మీద, కన్నేసి ఉంచాల్సింది రష్యా వాళ్ల మీద, జీతం మాత్రం ఇండియా ఖజానా నుంచి, అంటే మన గోదావరి జిల్లా రైతు కట్టిన శిస్తు కూడా అందులో ఉన్నట్టే. కాగితం మీద హోదా ఏంటో తెలుసుగా, కశ్మీర్ రెసిడెంట్‌కి, అంటే అక్కడుండే బ్రిటిష్ ప్రతినిధికి, చైనా వ్యవహారాల స్పెషల్ అసిస్టెంట్! ఎదురుగా రష్యా వాళ్లకి 1882 నుంచే పెట్రోవ్‌స్కీ అని పూర్తి స్థాయి కాన్సుల్ ఉంటే, ఈయనకి కాన్సుల్ హోదా రావడానికి 1908 దాకా పట్టింది. నువ్వు దీన్ని చైనా వాళ్లు ఒప్పుకోలేదు అని ఒక్క వాక్యంలో తేల్చేయకు. కాన్సుల్ అంటే లండన్ ఫారిన్ ఆఫీసు మనిషి, ఆయన రిపోర్టులు పెకింగ్‌లో ఉన్న బ్రిటిష్ లెగేషన్‌కి, అంటే దౌత్య కార్యాలయానికి, పోవాలి. స్పెషల్ అసిస్టెంట్ అంటే కశ్మీర్ మీదుగా మన ప్రభుత్వానికి పోవాలి. పేరు మారితే కవరు మీద అడ్రసు మారుతుంది, అడ్రసు మారితే బిల్లు ఎవరికి పంపాలో కూడా మారుతుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చదువు, విడివిడిగా చదివితే పిచ్చెక్కుతుంది.

ఈ మాట నీకు ఇంకా బాగా కనపడే చోటు కైరో. 1916 జనవరిలో బ్రిటిష్ వాళ్లు అరబ్బుల వ్యవహారాల నిఘాకి అరబ్ బ్యూరో పెట్టారు చూడు, సావోయ్ హోటల్‌లో ఆఫీసు. అది క్లేటన్ అనే సైనికాధికారి కింద ఉన్న కైరో ఇంటెలిజెన్స్‌లో ఒక ముక్క, పెత్తనం ఫారిన్ ఆఫీసుది, నడిపించడానికొచ్చిన హోగార్త్ చూస్తే పురావస్తు తవ్వకాల పండితుడు, ఒంటి మీద యూనిఫారం నేవీది. ఒకే గదిలో మూడు డిపార్ట్‌మెంట్లు! ఇండియా ప్రభుత్వానికేమో టర్కీ మీద అరబ్బుల్ని తిరగబడేలా చేద్దామన్న ఆ కైరో వాళ్ల ఆలోచనలే నచ్చవు, అయినా ఇరాక్‌లోని బాస్రాలో దాని శాఖ ఒకటి పెట్టి, అరబ్ దేశాలు బాగా తిరిగిన గెర్‌ట్రూడ్ బెల్‌ని కూర్చోబెట్టారు. నచ్చని కొట్టులో వాటా ఎందుకు పెట్టుకుంటారు చెప్పు, లోపల ఏం వండుతున్నారో చూడ్డానికేగా. ఆ జూన్ నుంచి అరబ్ బులెటిన్ అని రహస్య పత్రిక వేశారు, అది ఎవరెవరికి కాపీ వెళ్లిందో ఆ లిస్టు ఎక్కడ కనపడినా ఫోటో తీసి పెట్టుకో, శాంక్షన్ ఆర్డర్ కన్నా నీకు అదే ఎక్కువ చెప్తుంది.

అయితే ప్రతి గొడవనీ పెత్తనం గొడవే అనుకోకు, కొన్నిసార్లు నిజంగా డబ్బు గొడవే. 1918లో జనరల్ మాలిసన్‌ని పర్షియాలోని మషద్‌కి పంపారు, జర్మన్లు, టర్కీ వాళ్లు, తర్వాత బోల్షెవిక్కులు ఎటు కదులుతున్నారో చూడమని. చూసి చెప్పడానికి వెళ్లినాయన ఆ ఆగస్టుకల్లా సరిహద్దు అవతల బోల్షెవిక్కులకి ఎదురు తిరిగిన అష్ఖాబాద్ కమిటీతో ఒప్పందం రాసుకుని ఏకంగా యుద్ధంలో దిగాడు. చేతిలో నగదు లేక ఆ మిషన్ పేరు మీద 500 రూబుళ్ల ప్రామిసరీ నోట్లు అచ్చేసి పంచారు. ఒక్క క్షణం ఆలోచించు, నిఘాకి పంపినవాళ్లు సొంతంగా నోట్లు వేస్తే ఢిల్లీలో కూర్చున్న లెక్కల గుమస్తా వాటిని ఏ హెడ్ కింద, అంటే ఏ పద్దు కింద, రాసుకోవాలి? నాకైతే చదువుతుంటేనే చెమటలు పట్టాయి.

ఇక ఫైలు పట్టుకోవడం గురించి. మన పాత గవర్నమెంట్ ఆఫ్ ఇండియా ఫైళ్లలో ఉత్తరాలు వేరు, నోట్స్ వేరు, కే.డబ్ల్యూ. అని ఒక కట్ట ఉంటుంది, కీప్ విత్ అన్నమాట, అసలు తిట్లన్నీ అందులోనే ఉంటాయి. బయటికెళ్లిన లెటర్లో "సవినయంగా" అని ఉంటుంది, నోట్‌లో "వీళ్లకి సిగ్గు లేదు" అన్న ధోరణి ఉంటుంది. డ్రాఫ్ట్‌లో ఏ వాక్యం కొట్టేశారో చూడు, ఎవరి ఇంకుతో కొట్టేశారో కూడా చూడు. "ఈసారికి మాత్రం" అనో "దీన్ని ముందు ముందు ఉదాహరణగా తీసుకోరాదు" అనో కనపడితే వాడు ఒప్పేసుకున్నాడని అర్థం, పరువు కోసం ఆ ముక్క తగిలించాడంతే. నేనూ అలాంటివి ఎన్ని రాశానో. ఆఖరి నిర్ణయం లెటర్ చూసి గొడవ అయిపోయిందని మాత్రం రాసేయకు, తర్వాతేడు బడ్జెట్ ఎస్టిమేట్ తియ్యి. తేలని ఖర్చుని సస్పెన్స్‌లో, అంటే ఎటూ తేలని లెక్కల తాత్కాలిక పద్దులో, పడేసి ఏళ్ల తరబడి నిద్రపుచ్చడం మా జాతి విద్య.

రూపాయల్ని పౌండ్లలోకి మార్చేటప్పుడు జాగ్రత్త. మొదటి యుద్ధం ముందు పౌండుకి 15 రూపాయలు లెక్క, 1920 చుట్టుపక్కల రేటు పిచ్చి పట్టినట్టు ఎగిరింది, 1927 నుంచి రూపాయికి 18 పెన్నీలు. ఖర్చు పెరిగింది అని నువ్వు రాసే చోట పెరిగింది రేటే అయ్యుండొచ్చు.

అన్నట్టు ఇండియా ఖర్చుల మీద బ్రిటన్ వేసిన వెల్బీ కమిషన్ మర్చిపోకు. 1895లో వేశారు, 1900లో రిపోర్టు, మెంబర్లలో దాదాభాయ్ నౌరోజీ ఉన్నారు, సాక్ష్యం చెప్పినవాళ్లలో గోఖలే, వాచా, మద్రాసు నుంచి జి. సుబ్రహ్మణ్య అయ్యర్ ఉన్నారు. బ్రిటన్ అవసరాలకి ఇండియా ఎందుకు డబ్బు కట్టాలి అన్నదే అక్కడ ప్రశ్న. పర్షియాలో దౌత్య ఖర్చులు చెరి సగం అనే పద్ధతి, ఏడెన్ సైన్యం ఖర్చులో బ్రిటన్ కూడా వాటా పెట్టుకోవాలన్న మాట, ఇవి ఆ రిపోర్టులోవే. తర్వాత నలభై ఏళ్ల ఫైళ్లలో ఏ గుమస్తా అయినా "వెల్బీ ప్రకారం" అని మొదలెడతాడు, కనీసం సారాంశమైనా చదవకపోతే వాళ్లేం మాట్లాడుకుంటున్నారో నీకు తెలీదు.

లండన్ టికెట్ డబ్బులు ఇప్పుడే ఖర్చు పెట్టకు. ఖతార్ డిజిటల్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు గల్ఫ్ ఫైళ్లు ఫ్రీగా ఉన్నాయి, మన నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల వెబ్‌సైట్ అభిలేఖ్ పటల్‌లో చాలా దొరుకుతాయి. వెతికేటప్పుడు "ఇంటెలిజెన్స్" అని కొడితే పెద్దగా రాదు, ఖర్చుల పంపకం, భత్యం, శాంక్షన్, ఇలాంటి చప్పటి మాటల ఇంగ్లీషు ముక్కలు కొట్టు, పేరుకే చప్పటివి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ మూడొందల పేజీలూ పెన్‌డ్రైవ్‌లో పట్టుకురా, ఫోన్లో నాకు కనపడవు. గిల్గిత్ నుంచి హుంజా మీదుగా కాష్గర్‌కి టపా మోసిన డాక్ రన్నర్ల కూలి ఎవరి పద్దులో రాశారో ఈలోపు చూసి పెట్టు. ఆ రిపోర్టులన్నీ నడిచింది వాళ్ల కాళ్ల మీదేగా, ఆ పద్దు ఒక్కటి దొరికితే మనం అక్కణ్ణుంచే మొదలెడదాం.

పెదనాన్న